పదకొండుమందికి ఒక బెల్టు

నిచ్చెన ఎక్కే మనిషికి సేఫ్టీ బెల్టు అవసరమా? అక్కర్లేదు! బెల్టు కావలసింది ఫొటోకి. మనిషికి కాదు.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నాకు పెళ్లయి అరవై మూడు రోజులైంది. మావారు షాపుల మీద బోర్డులు బిగించే కంపెనీలో ఫిట్టరు. అంటే నిచ్చెనల విషయంలో నాకు అరవై మూడు రోజుల సుదీర్ఘ అనుభవం ఉందన్నమాట. పైగా నేను కాలేజీలో ఫిజిక్స్ చదువుకున్నాను. ఇప్పుడు అదే కాలేజీ ల్యాబ్‌లో లోలకాలు, స్టాప్‌వాచీలు చూసుకుంటూ ఉద్యోగం చేస్తున్నాను. పైనుంచి వదిలిన వస్తువు కిందికే వస్తుందని నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

అయినా చెబుతున్నాను. బెల్టు అక్కర్లేదు!

ఈ సేఫ్టీ పుస్తకాలు రాసేవాళ్లు ఎప్పుడైనా నిచ్చెన ఎక్కారా అని నా అనుమానం. నిచ్చెనని గోడకి వాల్చడానికి కూడా లెక్కలట! నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున దాని కాళ్లు గోడకి దూరంగా ఉండాలట. జనం నడిచే దారిలో అంత జాగా ఎవరిస్తారండీ? గోడకి అతుక్కున్నట్టు నిటారుగా నిలబెడితే నిచ్చెనకీ మర్యాద, దారికీ మర్యాద.

ఎక్కేటప్పుడు రెండు కాళ్లూ ఒక చెయ్యి, లేదంటే రెండు చేతులూ ఒక కాలు, ఎప్పుడూ మూడు నిచ్చెనకి ఆని ఉండాలట. దేవుడు మనిషికి ఇచ్చింది రెండే చేతులు. ఒకటి డ్రిల్లుకి, ఒకటి ఫోనుకి. పట్టుకోవడానికి మూడోది ఎక్కణ్ణించి తెమ్మంటారు?

చిట్టచివరి మెట్టు మీద నిలబడకూడదట. మరి ఆ మెట్టు ఎందుకు పెట్టినట్టు? అందానికా?

ఇక బెల్టు. అది ఒంటరిగా వచ్చే వస్తువు కాదు. బెల్టుకి ఒక కొక్కెం ఉంటుంది. కొక్కెం తగిలించడానికి ఒక తాడు కావాలి. తాడు కట్టడానికి మేడ మీద ఒక గట్టి స్తంభం కావాలి. ఒక్కదాన్ని ఇంట్లోకి రానిస్తే చుట్టాలందరూ వెంట దిగిపోతారు. ఇంత బలగాన్ని రోజూ ఎవరు మేపుతారు?

అందుకే మావారి కంపెనీ ఒక అద్భుతమైన ఉపాయం కనిపెట్టింది. ఈ కాలంలో మనకి పట్టిన అదృష్టాలన్నిటిలోకీ గొప్ప అదృష్టం అదేనని నేను బల్ల గుద్ది చెప్పగలను. దాని పేరు సేఫ్టీ ఫొటో!

సేఫ్టీ ఫొటో అంటే ఏమిటంటారా? కంపెనీలో పదకొండుమంది ఫిట్టర్లు. పొద్దున్నే పనిలోకి దిగే ముందు ఒక్కొక్కరూ హెల్మెట్టు, బెల్టు పెట్టుకుని ఫొటో దిగాలి. సూపర్‌వైజర్ ఆ ఫొటోని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఫొటో లేకపోతే ఆ రోజు హాజరు పడదు, పని ఇవ్వరు. రూలంటే రూలే!

బెల్టు మాత్రం ఒకటే.

అయితేనేం? అందరూ వరసలో నిలబడతారు. మొదటివాడు బెల్టు తొడుక్కుంటాడు, పట్టీలు బిగించుకుంటాడు, నవ్వుతాడు. క్లిక్! వెంటనే విప్పి వెనకవాడి చేతిలో పెడతాడు. అతను తొడుక్కుంటాడు, నవ్వుతాడు. క్లిక్! ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో ఎంత మర్యాద, ఎంత క్రమశిక్షణ! ఒక్క క్షణం ఎక్కువసేపు ఒంటిమీద ఉంచుకున్నవాణ్ణి మిగతావాళ్లు గుర్రుగా చూస్తారు. పదకొండు ఫొటోలు తొమ్మిది నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత బెల్టు తన ప్లాస్టిక్ కవర్లోకి, కవరు సూపర్‌వైజర్ బైకు డబ్బాలోకి వెళ్లిపోతాయి. పదకొండుమందీ నిచ్చెనల మీదికి వెళ్లిపోతారు.

దీనివల్ల లాభాలు ఒకటా రెండా? బెల్టు మాయదు. చెమట వాసన పట్టదు. వానకి తడవదు. కొని ఏడాదైనా కొత్త పెళ్లికూతురిలా నిగనిగలాడుతూ ఉంటుంది. (ఆ విషయంలో దానికీ నాకూ పోలిక లేకపోలేదు.)

వాళ్లలో ఒక వెల్డర్ ఉన్నాడు. మనిషి పిప్పళ్ల బస్తా. బెల్టేమో సన్నటి మనిషి కొలతకి బిగించి ఉంటుంది. మళ్లీ మళ్లీ సర్దడం ఎందుకని అతను ఊపిరి బిగబట్టి లోపలికి దూరతాడట. క్లిక్‌మనేవరకూ శ్వాస లేదు. రోజూ పొద్దున్నే ప్రాణాయామం! ఇలాంటి ఆరోగ్యకరమైన అలవాటు ఏ కంపెనీ నేర్పుతుంది చెప్పండి?

మావారెక్కే నిచ్చెనకి ఒక కాలు పొట్టి. అడుగున ఉండాల్సిన రబ్బరు తొడుగు ఎప్పుడో ఊడిపోయింది. అందుకని దాని కింద ఎవరో ఒకరి చెప్పు పెడతారు. ఎవరి చెప్పు అనేదానికి వంతులున్నాయి. వంతు వచ్చినవాడు ఆ రోజు ఒంటి చెప్పుతో తిరుగుతాడు. ఇంతటి త్యాగం మనం ఇళ్లల్లో అన్నదమ్ముల మధ్యయినా చూస్తున్నామా?

అయ్యో, పడిపోతే ఎలా అంటారా? ఇక్కడే నా చదువు అక్కరకొస్తుంది. ఇరవై అడుగుల ఎత్తునుంచి జారిన మనిషి నేల చేరడానికి సెకను పైన కొంచెం పడుతుంది. సెకనంటే తక్కువా? ఆ సెకనులో ఎంత పని చేసుకోవచ్చు! నిచ్చెన ఎక్కేముందు బెల్టు అడిగి ఉండాల్సిందని పశ్చాత్తాపపడవచ్చు. ‘అమ్మా’ అని అరవవచ్చు. ఒకసారే అనుకోండి. రెండోసారికి టైము చాలదు.

ఇదంతా మీకు గడగడా చెబుతున్నాను గానీ, మొదటి యాభై తొమ్మిది రోజులూ నాకు ఈ మహిమల్లో ఒక్కటీ తెలియదు. తెలిసిందల్లా ఫొటో. రోజూ తొమ్మిదిన్నరలోపు మావారు తన సేఫ్టీ ఫొటోని నాకు పంపేవారు. నారింజ రంగు బెల్టు, పసుపు హెల్మెట్టు, నవ్వు. మా పెళ్లి ఫొటోగ్రాఫరు ఆయన్ని సగం ఫొటోల్లో కళ్లు మూసుకున్నట్టు తీశాడు. మిగతా సగంలో మా పెదనాన్న ఆయనకి అడ్డం వచ్చాడు. ఈ సూపర్‌వైజర్ మాత్రం ఎంత బాగా తీస్తాడో! ఆ ఫొటో చూసుకుని, మా ఆయన ఇంత భద్రంగా ఉన్నారు కదా అని లోలకాలు తుడుచుకుంటూ కూనిరాగాలు తీసేదాన్ని.

పదకొండింటికి ల్యాబ్‌లో విరామం. సరిగ్గా అప్పుడు ఆయనకి ఫోన్ చేయడం నా ఆచారం. ముఖ్యమైన విషయాలే ఉండేవి. మన కిటికీ ఊచ మీద పిట్ట వాలింది. ఇవాళ పాలు పొంగలేదు. గుమ్మంలో కొత్త కాళ్లపట్టా మీద మీ పాదం గుర్తు పడింది, దులపకుండా వచ్చేశాను. ఒకే కప్పులో మన బ్రష్‌లు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఇలాంటివన్నీ సాయంత్రందాకా దాచుకోగలమా? ఆయన అన్నీ వినేవారు. ‘ఊ’ కొట్టేవారు, నవ్వేవారు. ఒక్కోసారి మాత్రం మధ్యలో ‘ఒక్క క్షణం’ అని ఆగి, గర్‌ర్‌ర్‌మని ఏదో చప్పుడయ్యాక మళ్లీ మాట్లాడేవారు.

పోయిన శనివారం పరీక్షలు తొందరగా అయిపోయి కాలేజీ పదింటికే మూసేశారు. మావారు ఆ రోజు కొత్తగా తెరవబోయే చెప్పుల షాపుకి బోర్డు పెడుతున్నారు. వెళ్లి ఆశ్చర్యపరుద్దామని బస్సెక్కాను. షాపు కనబడింది. ఎదురుగా ప్లాస్టిక్ బకెట్ల కొట్టు పక్కన నిలబడ్డాను. పదకొండైంది. ఆయన ఫోన్ తీసుకుని షాపులోంచి బయటికొస్తారు, నేను కనిపిస్తాను, ఆయన మొహం వెలిగిపోతుంది. ఇదీ నా పథకం. ఫోన్ కొట్టాను.

షాపులోంచి ఎవరూ రాలేదు. నిచ్చెన మీద, రెండో అంతస్తు ఎత్తున, నీలం చొక్కా మనిషి ఒకతను డ్రిల్లుని చంకలో ఇరికించుకుని జేబులోంచి ఫోన్ తీశాడు. చెవికీ భుజానికీ మధ్య దాన్ని నొక్కి పెట్టాడు. మళ్లీ డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. ఆ చొక్కా ఆ పొద్దున నేను ఇస్త్రీ చేసిందే.

“చెప్పవోయ్,” అన్నారు మావారు నా చెవిలో.

నడుముకి బెల్టు లేదు. ఒక చేత్తో బోర్డు ఫ్రేము, ఒక చేత్తో డ్రిల్లు. నిచ్చెనని పట్టుకున్నవి కాలివేళ్లు మాత్రమే.

అరవబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు నా ఫిజిక్స్ నా నోరు మూసింది. అరిస్తే ఆయన తిరుగుతారు. ఆయన తిరిగితే నిచ్చెన తిరుగుతుంది. నిచ్చెన కాలి కింద ఉన్నది ఒక హవాయి చెప్పు.

“ఎక్కడున్నారండీ?” అన్నాను, పసిపిల్లని నిద్రపుచ్చే గొంతుతో.

“కిందే. టీ తాగుతున్నా.”

“వేడిగా ఉందా?”

“కాలుతోంది. నువ్వు చెప్పు, పిట్ట వచ్చిందా ఇవాళ?”

“వచ్చింది. మీరొక పని చేస్తారా? ఆ గ్లాసు పక్కన పెట్టేయండి. కూర్చోండి. కూర్చుని వినాల్సిన మాట ఒకటుంది.”

పెళ్లయి రెండు నెలలైన భార్య ఇలా అంటే ఏ భర్తయినా ఏమనుకుంటాడు? ఆ తెలివి నాకుండొద్దూ!

“ఏమిటీ!” అని ఆయన కేక పెట్టారు. ఎదురుగా చూస్తున్నాను కదా, మనిషి నిచ్చెన మీద ఎగిరి గంతేసినంత పని చేశారు. “శుభవార్తా? నిజంగానా? ఇంత తొందరగానా?”

నిచ్చెన గోడకి తగిలి టకటకమంది. కింద చెప్పు కాస్త పక్కకి జరిగింది. నేను బకెట్ల దొంతరని పట్టుకున్నాను.

“కాదు కాదు! అదేం కాదండీ! శుభవార్త కాదు, ఏం కాదు! మిక్సీ! మిక్సీ పాడైంది!”

“మిక్సీయా?”

“మీ అమ్మగారి మిక్సీ. నా చేతిలోనే పాడైంది.”

డ్రిల్లు ఆగింది.

“అమ్మకి తెలుసా?” అన్నారు. ఇరవై అడుగుల ఎత్తున కాలివేళ్ల మీద నిలబడ్డ మనిషి గొంతులో మొదటిసారిగా భయం విన్నాను.

“ఇంకా చెప్పలేదు.”

“చెప్పకు. ఉండు. కూర్చుంటా.”

“ఫోను జేబులో పెట్టుకుని, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, కుదురుగా కూర్చున్నాక మీరే చేయండి. తొందర లేదు. మెల్లిగా.”

ఆయన దిగారు. పద్దెనిమిది మెట్లు. ఎనిమిదో మెట్టు దగ్గర ఒకసారి కాలు జారి మళ్లీ దొరికింది. పద్దెనిమిదోది దిగాక నేను ఊపిరి పీల్చాను. బకెట్ల కొట్టు ఆయన, “అమ్మా, ఆ బకెట్టు తీసుకుంటారా, వదులుతారా?” అన్నాడు. అప్పటికి దాని పిడి ఊడి నా చేతికొచ్చింది.

ఒక్క విషయం మీకు నిజం చెప్పేస్తాను. ఆ పద్దెనిమిది మెట్లలోనూ నా బుర్రలో తిరిగింది పిట్ట సంగతి. పాల సంగతి, పట్టా సంగతి, బ్రష్‌ల సంగతి. నేను మురిసిపోతూ చెప్పిన ప్రతి ముచ్చటనీ ఆయన ఇలాగే విన్నారన్నమాట. గాల్లో, కాలివేళ్ల మీద, తల ఒక పక్కకి వాల్చి, ‘ఊ’ కొడుతూ.

రోడ్డు దాటాను. నన్ను చూడగానే ఆయన మొహం వెలిగిపోలేదు. పాలిపోయింది.

“నువ్వా! ఎప్పుడొచ్చావ్?”

“మీ టీ కాలుతున్నప్పుడు.”

మా మాటలు విని సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు. చాలా మంచి మనిషి. “మీరేం కంగారుపడకండమ్మా! మీవారు బెల్టు పెట్టుకునే ఉన్నారు,” అని ఫోన్ తీసి చూపించాడు. “ఇదిగో చూడండి. ఇవాళ్టిదే. తొమ్మిదీ ఆరు నిమిషాలకి.”

ఫొటో చూశాను. తలెత్తి మావారి నడుము చూశాను. “ఫొటోలో ఉందండీ. ఒంటిమీద లేదు,” అన్నాను.

“ఒంటిమీద ఉన్నది ఆఫీసుకి కనబడదు కదమ్మా!” అన్నాడాయన, చిన్నపిల్లకి కూడికలు నేర్పుతున్నంత ఓపికగా.

ఎంత నిజం! అప్పుడర్థమైంది నాకు సేఫ్టీ ఫొటో తత్వం. కానీ నేను కొత్త కోడల్ని, తత్వం ఒంటబట్టడానికి టైము పడుతుంది. ఆ సాయంత్రం ఇంట్లో ఆయన్ని నిలదీశాను.

“అందరూ అలాగే ఎక్కుతారోయ్,” అన్నారు కాళ్లు కడుక్కుంటూ. “నేనొక్కణ్ణే బెల్టు పెట్టుకుంటానంటే ఎలా? నేను విప్పకపోతే వెనకవాడికి ఫొటో ఉండదు. ఫొటో లేకపోతే వాడికి పని ఉండదు. పదిమంది ఉసురు నాకెందుకు?”

“మరి నా ఉసురు?”

“నాకేం కాదు. ఆరేళ్లుగా ఎక్కుతున్నా. నిచ్చెన నా మాట వింటుంది.”

“మీ నిచ్చెన చెప్పు మాట వింటుంది. మీ మాట కాదు.”

ఆయన నవ్వేశారు. ఆ నవ్వుతోనే వచ్చింది చిక్కు. ఫొటోలో నవ్వు కూడా సరిగ్గా అదే.

మేమిలా వాదించుకుంటూ ఉండగా వంటగదిలో కుర్చీ లాగిన చప్పుడైంది. తర్వాత కుర్చీ మీద స్టూలు పెట్టిన చప్పుడైంది. వెళ్లి చూస్తే మా అత్తగారు స్టూలెక్కి అటక మీదికి చెయ్యి చాపుతున్నారు. స్టూలు మీద ఒక డబ్బా కూడా బోర్లించి ఉంది. ఆవిడ దాని మీద ఒంటికాలి మీద ఉన్నారు.

“అమ్మా! దిగు! ముందు దిగు నువ్వు!” మావారు ఒక్క దూకులో వెళ్లి స్టూలు కాళ్లు పట్టుకున్నారు. “పడితే? ఈ వయసులో తుంటి విరిగితే? ఒక్క కేకేస్తే నేను రానా?”

“ఏం కాదురా, ఇంత గాభరా ఎందుకు?” అన్నారు అత్తగారు పైనుంచి. “ముప్పై ఏళ్లుగా ఎక్కుతున్నా. నువ్వలా పట్టుకుని నిలబడకు. ఫోన్ తీసి నాకొక ఫొటో తీసేయ్. అప్పుడిక ఏ భయమూ ఉండదు.”

మావారు స్టూలు వదల్లేదు. తల్లిని చెయ్యి పట్టి ఒక్కో అంచే దింపి, అక్కడే నేల మీద కూలబడ్డారు.

అత్తగారు చీర కుచ్చిళ్లు దులుపుకుంటూ నావైపు తిరిగారు. “మీ మాటలన్నీ ఇక్కడికి వినబడ్డాయి. నా మిక్సీ పాడు చేశానన్నావట?”

“లేదత్తయ్యా. బాగానే ఉంది.”

“ఉంటుందిలే. దాన్ని నేనింకా నీ చేతికి ఇవ్వలేదుగా.” వంటగదిలోంచి బయటికి వెళుతూ ఆగి, కొడుకుని ఒకసారి చూశారు. “ఎలా ఉంటుందో చూశావుగా. నువ్వు నిచ్చెనెక్కుతుంటే నాకు రోజూ అలాగే ఉంటుంది. ఇన్నాళ్లూ ఫొటో కూడా లేకుండా.”

ఆవిడ అంత శ్రమపడి చెయ్యి చాపిన అటక మీద ఏముందో తర్వాత నేనెక్కి చూద్దామనుకుని మానేశాను. ఎక్కక్కర్లేదని గుర్తొచ్చింది. దాన్ని అత్తగారూ నేనూ కలిసి ముందటి వారమే ఖాళీ చేశాం.

సోమవారం పొద్దున ఫొటో రాలేదు. తొమ్మిదిన్నరైంది. పదైంది. నేను స్టాప్‌వాచీలు తుడిచినవే తుడుస్తున్నాను. పదీ పది నిమిషాలకి ఒకే ఒక్క మాట వచ్చింది: “విప్పలేదు.”

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. సాయంత్రం ఆయనా, ఆయనతోపాటు వచ్చిన, అక్కడ అందరూ బాబాయి అని పిలిచే పెద్ద ఫిట్టరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పారు.

ఆ రోజు అదే చెప్పుల షాపు ముందు, వరసలో మొదట మావారే నిలబడ్డారట. బెల్టు తొడుక్కున్నారు, నవ్వారు, క్లిక్‌మంది. వెనకున్న వెల్డర్ అలవాటుగా ఊపిరి బిగబట్టి చెయ్యి చాపాడు. మావారు ఆ చేతిలో ఏమీ పెట్టలేదు. నిచ్చెన దగ్గరికి నడిచారు.

“విప్పవయ్యా! వెనక పదిమందున్నారు!” అన్నాడు సూపర్‌వైజర్.

“నా పని అవలేదు సార్. దిగాక విప్పుతా.”

“ఎప్పుడు దిగుతావ్?”

“అయిదింటికి.”

వరసలో గోల మొదలైంది. కొత్త పెళ్లాం వచ్చాక వీడికి ప్రాణం తియ్యనైపోయిందన్నాడొకడు. తన ఫొటో సంగతేమిటని ఒకడు మీదికొచ్చాడు. మావారి చెవులు ఎర్రబడ్డాయట గానీ చేతులు బెల్టు మీదినుంచి కదల్లేదట. బాబాయి మాత్రం కొంచెంసేపు బెల్టు కొక్కెం వైపు చూశాడు. “ఒరేయ్, అది దేనికీ తగిలించకపోతే మొలతాడుతో సమానం. ఉండు,” అని షాపు లోపలి మెట్ల మీదుగా మేడెక్కి, అక్కడి కాంక్రీటు స్తంభానికి లావుపాటి తాడు కట్టి కిందికి వదిలాడు. దాన్ని రెండుసార్లు తన బరువంతా వేసి లాగి చూశాడు. దిగొచ్చి, నీడ చూసుకుని చతికిలబడ్డాడు.

“మీరేంటి కూర్చున్నారు?” అన్నాడు సూపర్‌వైజర్.

“ఫొటో లేదు కదండీ. రూలుంది కదా!” అన్నాడు బాబాయి.

వెల్డర్ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలి ఆయన పక్కన కూర్చున్నాడు. తర్వాత ఒకడు. తర్వాత ఇద్దరు. గోల చేసినవాడు కూడా. పదిమందీ వరసగా కూర్చున్నారు. సూపర్‌వైజర్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఫొటో లేకుండా ఒక్కణ్ణీ పనిలోకి దించడానికి వీల్లేదని ఆఫీసు గర్జించింది. చెప్పుల షాపు యజమాని మర్నాడే ప్రారంభోత్సవమని ఇంకా గట్టిగా గర్జించాడు. మధ్యలో సూపర్‌వైజర్ అటు తిరిగీ ఇటు తిరిగీ, బెల్టు కోసం పైకి చూశాడు. మావారు తాడుకి కొక్కెం తగిలించుకుని, రెండు చేతులతోనూ, ఎంతో తీరిగ్గా స్క్రూ బిగిస్తున్నారట.

చూశారా సేఫ్టీ ఫొటో మహిమ! నేను మొదటే చెప్పలేదూ? ఫొటో అనే రూలే లేకపోతే ఆ పదిమందీ కిమ్మనకుండా నిచ్చెనలెక్కి ఉండేవారు కాదూ?

పదకొండున్నరకి ఆఫీసు వ్యాను వచ్చింది. అందులోంచి పది బెల్టులు దిగాయి. కొత్తవి. సీలు కూడా విప్పనివి. ఎక్కడో ఆర్డరిచ్చి తెప్పించినవి కావు. పోయినేడాది ఆ మొదటిదాంతో పాటే కొన్నవి. ఏడాదిగా ఆఫీసు స్టోర్‌రూములో బీరువాలో, తాళం వేసి, చెదలు పట్టకుండా, నలగకుండా ఉన్నాయి. ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వస్తే బెల్టులు కొత్తగా కనబడాలి కదా! అందుకని.

ఈ సంగతి విన్నాక నాకు నవ్వు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. పక్కగదిలోకి వెళ్లి కొంచెంసేపు నవ్వాను. తర్వాత మొహం కడుక్కుని వచ్చాను.

బాబాయికి టీ ఇచ్చాను. ఈసారి నిజం టీ. నిచ్చెన పొట్టి కాలికి రబ్బరు తొడుగు ఇంకా రాలేదని, మంగళవారం వంతు తనదేనని ఆయన తన చెప్పులకేసి దిగులుగా చూసుకున్నాడు. అది కూడా అడుగుతామన్నారు మావారు. ‘అడుగుతాను’ కాదు, ‘అడుగుతాం’.

అయినా ఈ వ్యవహారంలో నిజంగా నష్టపోయింది ఎవరంటే స్టోర్‌కీపర్. పాపం, ఏడాదిపాటు ఆ బెల్టుల్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. సోమవారం సాయంత్రం అవి తిరిగొచ్చేసరికి సిమెంటు మరకలు, పెయింటు చుక్కలు, చెమట! బల్ల మీద పరుచుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టాడట. పదకొండు. ఒక్కటీ పోలేదు. అయినా ఆయన ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరితోనూ మాట్లాడలేదట. అవి తొడుక్కున్న పదకొండుమందీ తిరిగొచ్చారా లేదా అని మాత్రం ఆ ఆఫీసులో ఎవరూ లెక్కపెట్టలేదు. అది వాళ్ల పని కాదు.

కనుక ఆ పని నేను చేశాను. మర్నాడు ఆరింటికి గుమ్మంలో నిలబడి, సందు మలుపు కేసి చూస్తూ, లెక్కపెట్టాను.

ఒకటి.

సరిపోయింది.